కంపెనీలు ఏలే లోకం మీద ఒక్క నవల చెప్పమన్న తమ్ముడికి

ప్రశ్న: అక్కా, నాకు ఇరవై ఎనిమిదేళ్లు. హైదరాబాద్‌లో ఒక యాప్ కంపెనీలో నోటిఫికేషన్లు రాసే పని. రాత్రి పదకొండింటికి "మీ బిర్యానీ మీకోసమే ఎదురుచూస్తోంది" అని పంపితే ఎంతమంది నొక్కారో పొద్దున్నే మీటింగ్‌లో లెక్క చూపిస్తారు. ఎక్కువమంది నొక్కితే చప్పట్లు కొడతారు. ఈమధ్య ఆ చప్పట్లు వినబుద్ధి కావడం లేదు. ప్రభుత్వాలు నామమాత్రమై, కంపెనీలే జనాన్ని ఏలే రోజుల గురించి మంచి సైన్స్ ఫిక్షన్ నవల ఒక్కటంటే ఒక్కటి చెప్పండి. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు చదువుతాను గానీ నెమ్మది. ఇదివరకు రెండు లావుపాటి నవలలు మొదలుపెట్టి యాభై పేజీల దగ్గర వదిలేశాను. రాసినాయనకు మా పని లోపలి నుంచి తెలిసుండాలి. బయట నిలబడి రాళ్లేసే పుస్తకం నాకొద్దు. అది చదివాక ఈ ఉద్యోగం చెయ్యగలనా అన్న భయం కూడా ఉంది. (పేరు వేయొద్దన్న పాఠకుడు, హైదరాబాద్)

తమ్ముడూ,

"బయట నిలబడి రాళ్లేసే పుస్తకం నాకొద్దు" అన్నావు చూడు, ఆ మాట దగ్గరే నాకు పుస్తకం తట్టింది. ఫ్రెడరిక్ పోల్, సిరిల్ కార్న్‌బ్లూత్ కలిసి రాసిన "ద స్పేస్ మర్చంట్స్" చదువు. 1952లో "గెలాక్సీ" అనే అమెరికన్ పత్రికలో "గ్రేవీ ప్లానెట్" పేరుతో సీరియల్‌గా వచ్చింది. మరుసటేడు పుస్తకమైంది. రెండొందల పేజీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. కథ చెప్పేవాడు "నేను" అంటూ తన నోటితోనే చెప్పుకుపోతాడు, వాక్యాలు పొట్టిగా ఉంటాయి. నెమ్మదిగా చదివేవాడివైనా రోజుకు పదిహేను పేజీలు వేసుకుంటే రెండు వారాల్లో అయిపోతుంది.

ఇప్పుడు ఆ "నేను" ఎవరో చెప్పాలి. మిచెల్ కోర్ట్‌నీ. న్యూయార్క్‌లో ఫౌలర్ షాకెన్ అనే యాడ్ ఏజెన్సీలో కాపీరైటర్. మామూలు కాపీరైటర్ కాదు, ఆ లోకంలో ఆ ఉద్యోగానికి మించిన గౌరవం లేదు. మన తాతల కాలంలో కలెక్టరు ఊళ్లోకొస్తే ఎలా ఉండేదో అక్కడ యాడ్ రాసేవాడికి అలా ఉంటుంది. అమెరికా అధ్యక్షుడు ఉన్నాడు గానీ ఆయన మాటకు విలువ లేదు. సెనేట్ ఉంది, అందులో సెనేటర్లు రాష్ట్రాల తరఫున కూర్చోరు, కంపెనీల తరఫున కూర్చుంటారు. జనం కిక్కిరిసిపోయారు. గది అద్దెకు పెట్టుకోలేనివాళ్లు రాత్రిపూట ఆఫీసు భవనాల మెట్ల మీద పడుకుంటారు, ఒక్కో మెట్టుకూ అద్దె. మంచినీళ్లు కొలిచి వాడుకోవాలి. చెట్లు ఎంత అరుదంటే కలపతో చేసిన ఉంగరం పెట్టుకుంటే అది దర్జా. కాడిలాక్ కారు కూడా పెడల్ తొక్కితేనే కదులుతుంది. ఇదంతా కోర్ట్‌నీకి వింతగా అనిపించదు. లోకం బాగానే నడుస్తోందని, దాన్ని నడిపేది తనలాంటివాళ్లేనని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. నీకు ఈ పుస్తకమే ఎందుకు చెబుతున్నానో దీన్ని బట్టే అర్థమవుతుంది. ఇలాంటి లోకాల మీద వచ్చిన నవలల్లో చాలావరకు కథానాయకుడికి మొదటి పేజీలోనే కళ్లు తెరుచుకుని ఉంటాయి, అతనితోపాటు మనమూ లోకాన్ని తిట్టుకుంటూ పోతాం. ఇక్కడ చెప్పేవాడే ఆ లోకానికి భక్తుడు. వాడు గర్వంగా చెప్పే ప్రతి మాటా మన గుండెలో ముల్లులా దిగుతుంది.

మొదటి అధ్యాయంలోనే ఏజెన్సీ పెద్దలంతా బల్ల చుట్టూ కూర్చుని తాము సాధించినవి చెప్పుకుంటారు. ఒకాయన స్కూలు పిల్లల మధ్యాహ్న భోజనం గురించి చెబుతాడు. పిల్లలు అసహ్యించుకునే సోయా వడల్లాంటివి, బలవంతంగా తినాల్సిన మాంసంలాంటి ముద్దలు పోటీ కంపెనీ వాడే ఆకుపచ్చ రంగు డబ్బాల్లో పెడతారు. మిఠాయి, ఐస్‌క్రీమ్, పిల్లల సిగరెట్లు (అవును, చదివింది నిజమే, పిల్లలకు సిగరెట్లు) మాత్రం తమ కస్టమర్ కంపెనీ ఎర్ర రంగు కాగితాల్లో చుట్టి ఇస్తారు. ఆ పిల్లలు పెద్దయ్యాక ఎర్ర డబ్బా కనబడగానే నోరూరుతుంది, ఆకుపచ్చ డబ్బా కనబడితే కడుపులో తిప్పుతుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా మెచ్చుకుంటారు. నీ పొద్దుటి మీటింగ్‌లో చప్పట్లు మోగినప్పుడు నీకెలా ఉంటుందో ఊహించుకోగలను గనుక ఈ పేజీ దగ్గర నువ్వు ఒక్క క్షణం ఆగుతావని నా నమ్మకం.

ఇంకో సంగతి కాఫియెస్ట్ అనే కాఫీ. ఊరికే శాంపిళ్లు పంచుతారు. ప్రతి శాంపిల్‌లోనూ మూడు మిల్లీగ్రాముల ఆల్కలాయిడ్, అంటే అలవాటు పట్టించే మందు, కలిపి ఉంటుంది. పది వారాలు తాగితే జన్మంతా వదలదు. మాన్పించుకోవాలంటే వైద్యానికి ఐదు వేల డాలర్లు కావాలి. అంత పోసి మానే బదులు తాగుతూ ఉండటమే చవక. ఈ లెక్కంతా మీటింగ్‌లో ఒకాయన నింపాదిగా, సంతోషంగా వివరిస్తాడు. మా నాన్నమ్మ చెప్పేది, టీ తాగడమనేది తెలియని రోజుల్లో వాళ్ల ఊరి సంతలోకి బండి మీద గుండిగ తెచ్చి అందరికీ ఊరికే పోసేవాళ్లట. ఆవిడకు నచ్చలేదట, కానీ రెండో వారం మళ్లీ వరసలో నిలబడిందట. ఆ టీలో ఏ మందూ లేదు, నిజమే. అయినా కాఫియెస్ట్ గురించి చదువుతున్నంతసేపూ నాకు ఆ గుండిగే కళ్లముందు కనబడింది.

నువ్వు అడిగిన రెండో మాటకు వస్తాను, రాసినాయనకు పని తెలుసా అని. పోల్ రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళం తరఫున ఇటలీలో వాతావరణ విభాగంలో పనిచేశాడు. ఇంటి మీద బెంగతో న్యూయార్క్ గురించి, అక్కడి యాడ్ ఏజెన్సీల గురించి ఒక నవల మొదలుపెట్టాడు. రాసుకున్నది చూసుకుంటే తనకు ఆ పని గురించి ఏమీ తెలియదని అర్థమైంది. తెలుసుకోవాలంటే అందులో పనిచెయ్యడమే మార్గం అనుకుని, యుద్ధం అయ్యాక వెళ్లి ఒక యాడ్ ఏజెన్సీలో కాపీరైటర్‌గా చేరాడు. తర్వాత ఆ పాత రాతప్రతిని కాల్చేశాడు. కొన్నేళ్లు ప్రకటనలు రాసి జీతం తీసుకున్నాక అప్పుడు కొత్తగా ఈ నవల ఎత్తుకున్నాడు. కొంత రాసి ఆగిపోతే మధ్యభాగం కార్న్‌బ్లూత్ అందుకున్నాడు, చివరిది ఇద్దరూ పంచుకున్నారు. కార్న్‌బ్లూత్ వార్తా సంస్థలో పనిచేసినవాడు, యుద్ధంలో కాల్బలంలో ఉండి వచ్చినవాడు. ముప్పై నాలుగేళ్లకే, 1958లో, గుండె ఆగి చనిపోయాడు. పోల్ మాత్రం 2013 దాకా ఉన్నాడు. కాబట్టి తమ్ముడూ, ఇది రాళ్లేసే పుస్తకం కాదు. ఆ బల్ల చుట్టూ తనూ కూర్చుని వచ్చినవాడు రాసింది. మంచి లైను ఒకటి తట్టినప్పుడు ఒంట్లో పుట్టే ఆనందం కూడా ఇందులో నిజాయితీగా ఉంది, అందుకే మరీ గుచ్చుకుంటుంది.

కథ మొత్తం చెప్పి నీ సరదా చెడగొట్టను. మొదటి మూడోవంతు వరకే చెబుతాను. శుక్రగ్రహాన్ని అమ్మే పని కోర్ట్‌నీకి అప్పగిస్తారు. మనుషులు బతకలేని ఆ గ్రహానికి వెళ్లి స్థిరపడాలని జనం ఎగబడేలా రాయాలి. ఇంట్లో చూస్తే భార్య కేథీ డాక్టరు. వాళ్ల పెళ్లి ఏడాది ఒప్పందం మీద జరిగింది, అందులో ఎనిమిది నెలలు గడిచాయి, ఆవిడకు పొడిగించే ఉద్దేశం లేదు. ఈలోగా ఎవరో కోర్ట్‌నీని ఎత్తుకుపోతారు. కళ్లు తెరిచేసరికి కూలీలను మోసుకుపోయే ఓడలో ఉంటాడు. చేతి మీద పచ్చబొట్టుగా ఉన్న అతని నంబరు మార్చేశారు. పేరు మారింది. పేపర్లలో చనిపోయాడని వార్త వచ్చేసింది. నిన్నటిదాకా లోకానికి రుచులు నేర్పినవాడు ఇవాళ కోస్టారికాలో క్లోరెల్లా అనే ఆకుపచ్చ నాచు పెంచే కంపెనీ తోటలో ఒప్పంద కూలీ. నేనే ఫలానా అని ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు. మొదట్లో అదంతా తన కంపెనీ చేసిన పొరపాటనే నమ్ముతాడు. ఆ నమ్మకం ఎన్నాళ్లుంటుందో చూడటమే మిగతా నవల.

ఆ తోటలో చికెన్ లిటిల్ ఉంటుంది. ఈ నవల చదివినవాళ్లు ఇంకేం మర్చిపోయినా దాన్ని మర్చిపోరు. నేలమాళిగలో పెద్ద కాంక్రీటు గది. ఆ గది నిండా బూడిదరంగు గోధుమరంగు కలిసిన ఒక మాంసపు ముద్ద, అడ్డంగా పదిహేను గజాలు, బోర్లించిన గుండిగ ఆకారంలో. డజన్లకొద్దీ గొట్టాలు దాని ఒంట్లోకి దిగి ఉంటాయి. తలా కాళ్లూ లేవు, కళ్లు లేవు, కానీ ప్రాణముంది, అలా కొట్టుకుంటూ ఉంటుంది. ఎప్పుడో ఒక కోడి గుండె ముక్క నుంచి పెరుగుతూ వచ్చిందది. హెరెరా అనే పనివాడు రెండు చేతులతో పట్టుకునే కత్తిలాంటి పనిముట్టుతో దాని చుట్టూ తిరుగుతూ ముక్కలు ముక్కలుగా కోస్తూనే ఉంటాడు. కొయ్యకపోతే అది గది నిండిపోతుంది. అక్కడి నుంచి ఊళ్లకు ఊళ్లకు కూర వెళుతుంది.

ఇది ఊరికే పుట్టిన ఊహ కాదు. 1912లో అలెక్సిస్ కారెల్ అనే వైద్యుడు న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో కోడిపిల్ల పిండం గుండె ముక్కను గాజుపాత్రలో బతికించడం మొదలుపెట్టాడు. ఆ ముక్క 1946 దాకా బతికే ఉందని చెప్పారు. పేపర్లు దాన్ని చావులేని గుండె అన్నాయి. అలా ఎల్లకాలం పెరగడం మామూలు కణాలకు సాధ్యం కాదని 1960లలో తేలింది గానీ, ఈ రచయితలు పెరిగిన కాలంలో ఆ వార్త అందరి నోటా ఉండేది. ఇప్పుడు ప్రయోగశాలలో పెంచిన కోడిమాంసం అమ్ముకోవడానికి 2020 డిసెంబర్‌లో సింగపూర్ అనుమతి ఇచ్చింది. మాంసం అలా పెంచడం తప్పని నేననను. నవల్లో నన్ను భయపెట్టింది మాంసం కాదు, హెరెరా. ఆయన దాన్ని కొయ్యడం ఆపలేడు, ఆపితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. పైగా దాని మీద ఆయనకు ఒకలాంటి ప్రేమ కూడా ఉంది.

కూలీల బతుకు రాసిన పేజీలు నెమ్మదిగా చదువు. పని కష్టమే, కానీ అసలు ఉచ్చు జీతంలో ఉంది. తిండి, పడక, తాగేది అన్నీ కంపెనీ కొట్లోనే, అప్పు ఎంత కావాలంటే అంత ఇస్తారు. వారం తిరిగేసరికి జీతం కంటే బాకీ ఎక్కువ ఉంటుంది. బాకీ తీరనిదే ఒప్పందం వదలదు. దానికి తోడు మూడు సరుకులు. క్రంచీస్ అనే చిరుతిండి తింటే ఒంట్లో ఒక వెలితి పుడుతుంది, అది పోవాలంటే పాప్సీ అనే డ్రింకు తాగాలి. పాప్సీ తాగితే ఇంకో వెలితి, దానికి స్టార్ సిగరెట్. సిగరెట్ కాలిస్తే ఆకలి, దానికి మళ్లీ క్రంచీస్. ఈ చక్రాన్ని కనిపెట్టింది ఎవరు? కోర్ట్‌నీ ఏజెన్సీయే. తన వాళ్లు అల్లిన వలలో తనే పడి, మొదటిసారి పాప్సీ గొట్టం దగ్గర నిలబడినప్పుడు వాడి మనసులో ఏం మెదులుతుందో చదివి తీరాలి.

ఇక్కడ నా సొంత మాట ఒకటి చెప్పుకోనీ. ఈ పుస్తకం నాకు 1991లో ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది, అట్ట చిరిగిపోయి, పది రూపాయలకు. తిరుగు రైల్లోనే మొదలుపెట్టాను. ఆ మొదటి మీటింగ్‌లోనే ఏజెన్సీ యజమాని గొప్పలు చెప్పుకుంటూ ఒక మాటంటాడు: భారతదేశం మొత్తాన్ని ఒకే కంపెనీగా కలిపేశామని, అక్కడ అల్లే బుట్ట దగ్గర్నుంచి నల్లమందు పెట్టె దాకా ప్రతిదీ తమ ప్రకటనల ద్వారానే అమ్ముడవుతుందని. ఆ కంపెనీ పేరు ఇండియాస్ట్రీస్. రెండు మూడు వాక్యాల్లో చెప్పి దాటేస్తారు. అమెరికన్ పాఠకుడు నవ్వుకుని ముందుకెళ్లిపోతాడు కాబోలు. నేను పుస్తకం మూసి కిటికీలోంచి చాలాసేపు బయటకు చూస్తూ కూర్చున్నాను.

ఎందుకంటే మాది గోదావరి జిల్లా. అమ్మమ్మగారి ఊరి పక్కనే నేతగాళ్లుండే సాలెపేట ఉండేది. మా పెద్దవాళ్లు పాత రోజుల సంగతి చెప్పేటప్పుడు "దొరతనం" అనేవాళ్లు, అంతకన్నా పాతదైతే "కుంఫిణీ కాలం" అనేవాళ్లు. కుంఫిణీ అంటే కంపెనీయే, ఈస్ట్ ఇండియా కంపెనీ. 1765లో మొఘల్ చక్రవర్తి దగ్గర ఫర్మానా, మరుసటేడు నిజాంతో ఒప్పందం, ఆ రెండింటితో గుంటూరు తప్ప మిగతా ఉత్తర సర్కారులు (మన కోస్తా జిల్లాలను అప్పట్లో అలా పిలిచేవాళ్లు) ఒక వ్యాపార కంపెనీ చేతికి వెళ్లాయి. గుంటూరు 1788లో వెళ్లింది. 1858లో రాణి ప్రభుత్వం తీసుకునేదాకా, పేరుకైనా, మన పన్నులు కట్టించుకున్నది లండన్‌లో వాటాదార్లు ఉన్న ఒక కంపెనీ. నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో వాళ్లకు బట్టల ఫ్యాక్టరీ ఉండేది, అంటే నేసేచోటు కాదు, కొని పోగేసే వర్తక స్థావరం. ఆ ఊరి పేరే "మదపోలం" అయి, ఇంగ్లీషులో ఒక రకం నూలు గుడ్డకు పేరైపోయింది. నేతగాడికి ముందుగా బయానా ఇచ్చేవాళ్లు. బయానా తీసుకున్నవాడు నేసింది కంపెనీకే ఇవ్వాలి, ఇంకొకరికి అమ్మకూడదు. బాకీ తీరేదాకా మగ్గం వాళ్లదే. కోస్టారికా తోటలో కోర్ట్‌నీ బాకీ చదువుతుంటే నాకు ఆ బయానాయే గుర్తొచ్చింది.

నువ్వు "ప్రభుత్వాలు నామమాత్రమై కంపెనీలే ఏలే రోజులు" అని భవిష్యత్తు సంగతిలా రాశావు. మన జిల్లాల్లో అది ఒకసారి జరిగిపోయింది, తొంభై ఏళ్లకు పైగా. అందుకే ఈ నవలను అమెరికన్ల కంటే మనమే బాగా చదవగలమని నాకనిపిస్తుంది. తేడా ఒకటుంది. కుంఫిణీ దగ్గర సిపాయిలు ఉండేవాళ్లు. ఫౌలర్ షాకెన్ దగ్గర నీలాంటి రాతగాళ్లు ఉంటారు.

మంచి చెప్పాను, లోపాలూ చెబుతాను. డెబ్బై ఏళ్ల నాటి పుస్తకం. రెండో సగంలో కథ పరుగులు పెడుతుంది, అవసరానికి తగ్గట్టు మనుషులు ఎదురుపడిపోతుంటారు. కేథీ గట్టి మనిషే, ఆవిడ గురించి మొదట్లో నువ్వు అనుకున్నది చివరికి తారుమారవుతుంది. కానీ ఆఫీసులో సెక్రటరీ హెస్టర్‌ను చూపించిన తీరు నాకు నచ్చలేదు, ఆ అమ్మాయికి వాళ్లు న్యాయం చెయ్యలేదు. పొట్టివాడు కాబట్టే శుక్రగ్రహానికి వెళ్లిన మొదటి రాకెట్‌లో పట్టిన జాక్ ఓషే గురించి వాడిన మాటలు ఇవాళ చెవికి మోటుగా తగులుతాయి. ఇవాళ్టి కంప్యూటర్లు, జేబులో పెట్టుకునే ఫోన్లు వాళ్ల ఊహకు అందలేదు. నీ నోటిఫికేషన్ లాంటిది ఇందులో వెతక్కు, దొరకదు. దాని వెనకున్న బుర్ర మాత్రం దొరుకుతుంది.

పుస్తకం కొనేటప్పుడు ఒక జాగ్రత్త. 2011లో పోల్ స్వయంగా కొన్నిచోట్ల కొత్త కాలానికి తగ్గట్టు మార్పులు చేసి మళ్లీ వేయించాడు. నా ఓటు పాతదానికే. 1953 నాటి మాటల్లో ఉన్నప్పుడే వాళ్ల చూపు ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది. "ఎస్.ఎఫ్. మాస్టర్‌వర్క్స్" వరసలో వచ్చిన ప్రతి దొరికితే తీసుకో. మొదటి మూడు అధ్యాయాల్లో కొత్త పేర్లు, కొత్త సరుకులు మీద పడతాయి. ప్రతిదానికీ నిఘంటువు తియ్యకు. సగం మాటలు నిఘంటువులో ఉండవు కూడా, వాళ్లు పుట్టించినవే. కొత్త ఆఫీసులో చేరిన మొదటి వారం అందరూ మాట్లాడే పొట్టి పేర్లు అర్థం కాకపోయినా తలూపుతాం కదా, అలా సాగిపో. నాలుగో అధ్యాయానికి అవే కుదురుకుంటాయి. ముందు వదిలేసిన ఆ రెండు లావుపాటి నవలల గురించి సిగ్గుపడకు. పుస్తకం లావైతే గొప్పదని ఎవరూ రాసిపెట్టలేదు.

ఇది నచ్చితే తర్వాత మన పక్క ఊరి నవల ఒకటుంది. లావణ్య లక్ష్మీనారాయణ్ రాసిన "ద టెన్ పర్సెంట్ థీఫ్". 2020లో మన దేశంలో "అనలాగ్ వర్చువల్" అన్న పేరుతో ముందు వచ్చింది. బెంగళూరు పేరు పోయి ఏపెక్స్ సిటీ అయింది, దాన్ని బెల్ కార్ప్ అనే కంపెనీ నడుపుతుంది. పనితీరు లెక్కను బట్టి మనుషుల్ని పైవాళ్లు, మధ్యవాళ్లు, అట్టడుగు పది శాతం అని విడదీస్తారు. అట్టడుగుకు జారినవాణ్ణి ఊరవతలకు తోసేస్తారు, అక్కడ కరెంటు లేదు. ఆఫీసు అప్రైజల్‌లో మనుషుల్ని ఇలాగే విడదీసే బెల్ కర్వ్ అన్న మాట విన్న ప్రతివాడికీ ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక్కో అధ్యాయం ఒక్కో మనిషిది కాబట్టి ఆగి ఆగి చదువుకోవచ్చు. కానీ ముందు చదవాల్సింది మాత్రం పోల్, కార్న్‌బ్లూత్‌లదే. నీ పనిలో ఉన్నవాడి మనసు అందులోనే ఉంది.

ఇక నీ భయం. చదివాక ఉద్యోగం చెయ్యగలనా అన్నావు. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఈ నవల చదివిన రెండేళ్లకు అనుకుంటా, అడ్మిషన్ల కరపత్రం తెలుగులో రాసిపెట్టమని యాజమాన్యం అడిగింది. రాశాను. బాగా వచ్చిందని అందరూ అన్నారు. అందులో "మీ బిడ్డ భవిష్యత్తుకు ఈరోజే మాటివ్వండి" అని ఒక లైను ఉంది, నాకే ముచ్చటేసింది. జూన్‌లో ఒకాయన వచ్చాడు. పంచె, భుజం మీద తువ్వాలు. చొక్కా జేబులోంచి ఆ కరపత్రం తీశాడు, నాలుగు మడతలు పెట్టి ఉంది, మడతల దగ్గర చెమటకు మెత్తబడింది. ఆ లైను మీద వేలుపెట్టి, "మాట ఇచ్చేశానమ్మా మా అబ్బాయికి, మిగతా డబ్బు కోతలయ్యాక కడితే ఊరుకుంటారా" అని అడిగాడు. ఆ లైను రాసింది నేనేనని ఆయనకు తెలియదు. ఆఫీసు గదిలో వాళ్లు ఊరుకోలేదు. ఆయన అప్పు తెచ్చి కట్టాడు, ఎంత వడ్డీకో నేను అడగలేకపోయాను.

ఆ మర్నాడే ఉద్యోగం మానెయ్యలేదు తమ్ముడూ. నాకు జీతం కావాలి, ఇద్దరు పిల్లలు. మరుసటేడు కరపత్రం రాయమన్నప్పుడు ఫీజు ఎంతో మొదటి పేజీలో పెద్దక్షరాల్లో వేస్తేనే రాస్తానన్నాను. వాళ్లు ఒప్పుకోలేదు, ఇంకెవరితోనో రాయించుకున్నారు. నేను ఇంకో నాలుగేళ్లు అక్కడే పాఠాలు చెప్పుకున్నాను. ఈ నవల చదవకపోయినా ఆ పంచె కట్టుకున్నాయన్ని మర్చిపోయేదాన్ని కాదేమో. కానీ ఆయన వేలు నా లైను మీద ఆగినప్పుడు, ఆ వేలు కింద ఉన్నది నా చేతిరాతే అని చటుక్కున తెలియడానికి కోర్ట్‌నీ పనికొచ్చాడు. నువ్వు మానాలో వద్దో నేను చెప్పను. నీ ఇంట్లో కట్టాల్సిన వాయిదాలు ఏమున్నాయో నాకు తెలియదు, అది తెలియకుండా "వదిలెయ్" అనడం పెద్దరికం కాదు. రాత్రి పదకొండు తర్వాత పంపే మెసేజి ఒక్కదాని గురించి మీ మీటింగ్‌లో నోరు తెరిచి అడగగలవేమో మాత్రం ఆలోచించుకో.

చివరగా ఒక పని చెబుతాను. తోటలో ఉండగా కోర్ట్‌నీ చేతికి ఒక రహస్య కరపత్రం అందుతుంది. ఆ లోకంలో నేలనూ నీళ్లనూ కాపాడాలనే వాళ్లను కాన్సీలని పిలుస్తారు, అక్కడ అది బూతు మాటతో సమానం. కోర్ట్‌నీకి వాళ్లంటే పరమ అసహ్యం. అయినా ఆ కరపత్రం చదవగానే వాడికి కోపం వచ్చేది అందులోని సంగతికి కాదు, రాసిన తీరుకు. ఇంత చెత్తగా రాస్తే ఎవరు చదువుతారు అని చెయ్యి దురద పెడుతుంది. తర్వాత ఏం జరుగుతుందో చెప్పను. ఆ పేజీ వచ్చినప్పుడు పుస్తకం బోర్లించి పెట్టి ఒక కాగితం తీసుకో. భూమిని ఇలా పీల్చేస్తే రేపు ఏం మిగలదని, హైదరాబాద్‌లో బోరు ఎండిపోయిన ఒక అపార్ట్‌మెంటు వాళ్లకు చెప్పాలనుకో. ఐదు లైన్లు, తెలుగులో, నీకు వచ్చిన పనితనమంతా పెట్టి రాసి నాకు పంపు.

నీ అక్క